దాటు చోటుకు పేరు: ఆంగ్ల వీథీపదములపై ఒక పరిశీలనము

పదమునకు అర్థముతో గల సంబంధము నిత్యమని మీమాంసకులును, సంకేతమువలన ఏర్పడినదని నైయాయికులును వాదించుట శాస్త్రపరిచయము గలవారికి క్రొత్త కాదు. గోశబ్దమునకు ఆవు అను అర్థమును ఏర్పరచినవాడెవడు అని యడిగినచో నైయాయికుడు ఈశ్వరేచ్ఛ యనును; అట్టివాడెవడును లేడని మీమాంసకుడు చెప్పును. ఆ సంకేతము జరిగిన దినమును మాత్రము ఇరువురిలో నెవ్వరును చూపజాలరు. అయితే మనుష్యులు బుద్ధిపూర్వకముగా ఏర్పరచిన ఆధునికసంకేతములు కూడ కలవని నైయాయికులు అంగీకరించిరి. నామకరణదినమున తండ్రి బిడ్డకు పెట్టు పేరు అట్టిది. పాణిని ఈకారాంత, ఊకారాంత స్త్రీలింగశబ్దములకు పెట్టిన నదీసంజ్ఞ యట్టిది. ఈ సంకేతములు ఎట్లు పుట్టును, ఏవి లోకములో నిలుచును, ఏవి కాగితముపైననే యణగిపోవును అను విషయమును పరిశీలింపదలచినవారికి ఇంగ్లండు దేశపు వీథులు మంచి పాఠశాల. బాటసారి వీథిని దాటు చోట్లకు ఆ దేశమున పెట్టిన పేర్లకు సంవత్సరము తెలియును, హేతువు తెలియును; కొన్నింటికి పేరు పెట్టినవారును తెలియుదురు.

ఇది పదవిలాసము మాత్రమే కాదు. ఆ చోట నడచువాని ప్రాణమున్నది. పేరు స్పష్టముగా నున్నచోట, ఈ స్థలము నాది, ఇచ్చట బండి నిలువవలెను అని యతడు చెప్పగలడు. పేరు లేనిచోట చేయి చాచి, తల వంచి, పరుగెత్తి బ్రతుకవలసినదే. కావున ఈ నామకరణమును శబ్దశాస్త్రదృష్టితోపాటు ధర్మశాస్త్రదృష్టితోను చూడవలసి యున్నది.

1934లో బ్రిటనులో లెస్లీ హోర్-బెలిషా రవాణామంత్రి యయ్యెను. వీథిని దాటు చోట్లను లోహపు మేకులతో నేలపై గుర్తించి, వాని కిరుప్రక్కల నలుపు తెలుపు పట్టీల స్తంభములు నిలిపి, వాని తలలపై నారింజవన్నె గోళముల నుంచిరి. ఆ స్తంభములను జనులు బెలిషా బీకన్లు అనిరి. బీకన్ అనగా దూరమునుండి దారిచూపు దీపము. మంత్రి పదవి పోయి, మంత్రియు పోయి, స్తంభములు మాత్రము నేటికిని ఆ పేరుతో నిలిచియున్నవి. కాని నేలపైనున్న మేకులు వేగముగా వచ్చు చోదకునికి కనబడవయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము వెడల్పయిన తెల్లని చారలను పూసి చూచిరి. 1949లో పలుచోట్ల ప్రయోగములు జరిగినవి. 1951లో చారలు శాసనబద్ధములైనవి. ఆ చారలను చూచి జీబ్రా అను మృగము పేరు పెట్టిరి. అప్పుడు రవాణాశాఖలో ఉపమంత్రిస్థాయి పదవిలోనుండి తరువాత ప్రధానమంత్రియైన జేమ్స్ కేలహన్ ఆ పోలికను మొదట చెప్పెనని ఒక ప్రతీతి కలదు. ఆయన మాత్రము అది తన మాటయే యని గట్టిగా చెప్పికొనలేదు. మంచి పేరుకు కర్త మరుగుపడుట సహజము.

జీబ్రా అను ప్రయోగమును ఆలంకారికులు గౌణీవృత్తి యందురు. మాణవకుని సింహమనుట యెట్టిదో, చారల నేలను జీబ్రా యనుట యట్టిది. సింహమందలి శౌర్యము మాణవకునియందు కనబడినట్లు, జీబ్రాయందలి చారలు నేలపై కనబడును. సాదృశ్యము ప్రత్యక్షమగుటచే వ్యాఖ్యానముతో పని లేదు. జీబ్రాను జంతుప్రదర్శనశాలలోనో, బొమ్మల పుస్తకములోనో ఒక్కసారి చూచిన అయిదేండ్ల బాలుడు ఆ పేరును మరువడు. గమనింపదగినదేమనగా, ఈ మాట ఆంగ్లేయుల సొంతము కాదు. ఐబీరియా భాషలలో అడవిగాడిదకుండిన పేరు ఆఫ్రికా మృగమునకు సంక్రమించి, అటనుండి ఆంగ్లమునకు వచ్చినది. అరువు మాట యని ఆంగ్లేయుడు సిగ్గుపడలేదు.

తరువాతి కథలో ఈ వివేకము క్రమముగా సన్నగిల్లినది. 1962లో పాండా అను మృగము పేరుతో క్రొత్త విధమైన దాటుచోట్లను నెలకొల్పిరి. నేలపై చారలకు మారుగా త్రికోణములు, పైన దీపములు. ఆ దీపములు ఎప్పుడు మినుకుమను, ఎప్పుడు వడివడిగా మినుకుమను, అందలి భేదమేమి యనునది చోదకునికిని తెలియలేదు, నడచువానికిని తెలియలేదు. ఆ దశాబ్దము ముగియకమునుపే పాండా అంతరించినది. 1969లో పెలికన్ వచ్చినది. పెలికన్ మన గూడబాతు జాతి పక్షి. మన కొల్లేటివారికిని, నేలపట్టువారికిని తెలిసినదే. కాని ఆ దాటుచోటున పక్షిలక్షణమేదియు లేదు. పాదచారులకై దీపములతో నియంత్రింపబడునది అను ఆంగ్లవాక్యమునుండి అక్షరముల నేరి పెలికాన్ అని కూర్చి, పిదప పక్షిపేరుతో కలియునట్లు దిద్దిరి. తరువాతిది పఫిన్. ఇదియు సముద్రపక్షియే. పాదచారులకు అనుకూలము, వివేకము గలది అను అర్థము గల మాటల తొలియక్షరములనుండి పుట్టినది. వేచియున్న మనుష్యుని యంత్రము కనిపెట్టి దీపమును మార్చును. దీనికి వివేకమని పేరిడినవారి యౌదార్యమును మెచ్చుకొనవలెను. టూకన్ మరియొక పక్షి. ఆంగ్లమున ఇద్దఱు దాటవచ్చును అను మాటలకును ఈ పక్షి పేరునకును ఉచ్చారణ మొక్కటియే; నడచువాడును, సైకిలుపై పోవువాడును కలిసి దాటు చోటు గావున ఆ శ్లేష. గుఱ్ఱములపై పోవువారి కొఱకు ఏర్పరచిన చోటునకు పెగాసస్ అనిరి. అచ్చట రౌతునకు అందునంత యెత్తున మరియొక మీట యుండును. పెగాసస్ యవన పురాణములలోని ఱెక్కల గుఱ్ఱము. ఎగిరిపోగల గుఱ్ఱమునకు వీథి దాటుటకు దీపమెందులకో పేరు పెట్టినవారికే తెలియవలెను.

ఈ పేర్లను మన రూఢ, యౌగిక, యోగరూఢ విభాగముతో పోల్చినచో రెండు వర్గముల భేదము స్పష్టమగును. పంకజ మను మాటలో బురదనుండి పుట్టినది అను అవయవార్థమును కలదు, తామర యను రూఢార్థమును కలదు. రెండును ఒకదానికొకటి తోడ్పడును. పెలికన్‌లో అవయవార్థము దాగియున్నది, పక్షి యను రూఢార్థము పైకి కనబడును, ఆ రెంటికిని పొత్తు లేదు. దాటువానికి ఆ పక్షియు ఉపకరింపదు, ఆ అక్షరములును ఉపకరింపవు. ఇంగ్లండులో పుట్టి పెరిగినవారిలోను పెలికన్‌కును పఫిన్‌కును గల భేదమును చెప్పలేనివారు అనేకులు. 2016 నాటి బ్రిటిషు నియమములు క్రొత్తగా పెలికన్లను నెలకొల్పుటకు చోటీయలేదు. క్రమముగా పఫినులే వానిని తొలగించుచున్నవి. మామూలు బాటసారి ఈ మార్పును గుర్తింపడు. జీబ్రాను తొలగించినచో మాత్రము గుర్తించును. చూపునుండి పుట్టిన పేరునకును, కార్యాలయపు బల్లమీద పుట్టిన పేరునకును ఇంత యంతరము కలదు.

చూపునుండి పుట్టిన పేర్లలో మేలైనది పిల్లికన్ను. ఇంగ్లండులో యార్క్‌షైరు సీమయందలి హాలిఫాక్సు నివాసి పెర్సీ షా 1934లో దీనికి పేటెంటు పొంది, మరునాడు సంవత్సరము దీని నిర్మాణమునకై సంస్థ నేర్పరచెను. రాత్రివేళ బండి దీపపు వెలుగు తగిలినంతనే నడివీథిలో జంటలు జంటలుగా మెఱయు గాజుపూసలవి. వానిని రబ్బరులో పొదిగి యినుపతొడుగులో నుంచుదురు. చక్రము పైనెక్కినప్పుడు రబ్బరు దిగి, లోపల నిలిచిన వాననీటితో పూసలను తుడిచి మరల పైకి వచ్చును. కంటిరెప్ప చేయు పనియే యిది. యుద్ధకాలమున వీథిదీపముల నార్పిన దినములలో వీని విలువ లోకమునకు తెలిసినది. ఇచ్చట పోలిక రూపమునందును కలదు, క్రియయందును కలదు. వైడూర్యమును పిల్లికంటితో పోల్చు మన రత్నపరీక్షకులు ఈ పేరు విన్నచో తలయూపియుందురు.

బండివేగము తగ్గించుటకు వీథికడ్డముగా కట్టు తిన్నెను ఆంగ్లేయులు నిద్రించు పోలీసువాడు అందురు. ఇందులో హాస్యమును కలదు, న్యాయమును కలదు: పోలీసువాడు మేలుకొని చేయవలసిన పనిని ఆ తిన్నె పడుకొని చేయుచున్నది. మన దేశపు ఆంగ్లము దీనికి స్పీడ్ బ్రేకర్ అను బెట్టుమాటను వాడుచున్నది. పని తెలియును గాని నవ్వు రాదు.

గుండ్రని కూడలి పేరు విషయములో ఆంగ్లేయులు ఒక మేలయిన నిర్ణయము చేసికొనిరి. మొదట దానికి జైరేటరీ సర్కస్ అను పేరు వాడుకలో నుండెను. జైరేటరీ గ్రీకుమూలము, సర్కస్ లాటినుమూలము. రెండును తిరుగుటకును, వలయమునకును సంబంధించినవే. పండితులకు రుచించు పేరు. లోగన్ పియర్సాల్ స్మిత్ అను అమెరికాజాతుడైన సాహిత్యవేత్త దానికి మారుగా రౌండెబౌట్ అను తేలికమాటను సూచించెనని ప్రసిద్ధి. ఆయన 1926లో నేర్పడిన బీబీసీ వాగ్వ్యవహార సలహాసంఘములో సభ్యుడు. రౌండెబౌట్ అనగా చుట్టూ తిరుగుట. తిరునాళ్లలో పిల్లలెక్కు రంగులరాట్నమునకును అదే పేరు. ఇరువదియవ శతాబ్ది మూడవ దశాబ్దిలో వాడుకకు వచ్చిన ఈ మాట నేటికిని దేశమంతట వ్యాపించియున్నది. జైరేటరీ అను మాట ఇంజనీర్ల పత్రములలో మిగిలినది. గ్రీకు లాటినులు చదువుకొన్నవారే ఆ భాషల బరువును వీథిమీద దించివేయుట ఇచ్చట విశేషము. సంస్కృతము చదువుకొన్నవారు ఈ సంగతిని ప్రత్యేకముగా మనస్సున నుంచుకొనవలెను.

ఒకే మాట సముద్రము దాటగానే వేఱర్థము పొందుట ఈ పదజాలమందు అడుగడుగున కనబడును. పేవ్‌మెంట్ అనగా బ్రిటనులో వీథి ప్రక్కన నడచువారికై కట్టిన అరుగు. అమెరికాలో బండ్లు పోవు గట్టి నేలయే పేవ్‌మెంటు, నడచు అరుగునకు సైడ్‌వాక్ అని పేరు. పేవ్‌మెంటుపై నడువుము అని లండనునుండి వచ్చిన తల్లి న్యూయార్కులో బిడ్డకు చెప్పినచో, ఆ మాటను అచ్చటివారు గ్రహించునట్లు గ్రహించిన బిడ్డ బండ్లకెదురుగా పోవును. సబ్‌వే బ్రిటనులో నడచువారి సొరంగము, న్యూయార్కులో భూగర్భపు రైలు. దక్షిణాఫ్రికాలో కూడలిదీపమును రోబో అందురు. శవతి యను ధాతువును గమనార్థమున కంబోజులు మాత్రమే వాడుదురనియు, ఆర్యులు దాని వికారమైన శవశబ్దమును మాత్రమే వాడుదురనియు పతంజలి మహాభాష్యము పస్పశాహ్నికమున చెప్పినది ఈ సందర్భమున స్మరింపదగినది. ఫుట్‌పాత్ అను మాటయు ఇట్టిదే. బ్రిటిషు న్యాయపరిభాషలో బండిదారి ప్రక్కనుండునది ఫుట్‌వే. పొలములలోను, అడవులలోను విడిగా పోవు కాలిబాట ఫుట్‌పాత్. మన దేశమున ఆ రెండవ మాటయే మొదటి అర్థమున స్థిరపడినది. దీనిని తప్పు అనుటకు వీలులేదు, దేశభేదముచే ప్రయోగభేదము.

అమెరికాలో పుట్టిన జేవాకర్ అను మాట మాత్రము భేదమని వదలివేయదగినది కాదు. జే ఒక పక్షి. అమెరికా నీచవ్యవహారములో జే అనగా పట్టణపు తీరు తెలియని పల్లెటూరి మోటువాడు. ఇరువదియవ శతాబ్ది తొలిదశాబ్దులలో మోటారుబండ్లు నగరములను ఆక్రమించునప్పుడు, ఇష్టమువచ్చినచోట వీథి దాటువానికి ఈ పేరు పెట్టిరి. అంతకుముందు వీథి అందఱిది. పిల్లలాడుకొనుట, అమ్ముకొనుట, అడ్డముగా నడచుట అక్కడనే. బండి వచ్చి గ్రుద్దినచో తప్పు బండివానిది. జేవాకర్ అను మాట ప్రబలిన పిదప తప్పు నడచువానిదయ్యెను. బ్రిటను పక్షులు బాటసారికి చోటిచ్చినవి. అమెరికా పక్షి అతని చోటును లాగికొన్నది. ఒక్క మాట ఒక హక్కును ఇంత నిశ్శబ్దముగా తలక్రిందులు చేసిన యుదాహరణములు భాషాచరిత్రలో అరుదు. తొలినుండి అందులోనున్న నింద పల్లెటూరివానిపైననే యను సంగతిని మన ఆలంకారికులును ఆలోచింపవలెను. గ్రామ్యమను మాటను దోషమునకు పేరుగా వాడినవారు మనలోను కలరు. కాలిఫోర్నియా రాష్ట్రము 2023 జనవరి 1 నుండి, అపాయము లేనప్పుడు ఇట్లు దాటినవానికి జరిమానా వేయుట మానినది. 2024లో న్యూయార్కు నగరమును దీనిని నేరములనుండి తొలగించినది. శాసనము మారినది, మాట ఇంకను నిఘంటువులలో నున్నది.

నడచువానికి దారి యీయవలెనా యను ప్రశ్న మన ధర్మశాస్త్రములకు తెలియనిది కాదు. దారి యీయదగినవారి పట్టిక మనుస్మృతి రెండవ యధ్యాయమున కలదు: బండిపై వచ్చువాడు, తొంబదియేండ్లు గడచినవాడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు. ఆపస్తంబుడును బండికి, బరువు మోయువానికి, రోగికి, స్త్రీకి అందఱును దారి యీయవలెననెను. ఈ పట్టికలలో బండి ముందున్నది. ఎడ్లు పూన్చిన బండి ప్రక్కకు తొలగుట కష్టము, మనుష్యుడు తొలగుట సులభము అని దీనికి ఉపపత్తి చెప్పవచ్చును. ముసలివానికి, రోగికి, కూలివానికి దారి యీయుమనుట గొప్ప కరుణ. కాని వట్టి నడచువాడు, అనగా రోగి కాక, రాజు కాక, కేవలము కాళ్లపై పోవువాడు ఈ పట్టికలలో లేడు. కౌటిల్యుని లెక్కలో అతనికి చోటు దొరకినది. అర్థశాస్త్రము రెండవ యధికరణమున దుర్గనివేశము చెప్పుచు రథ్యకు నాలుగు దండముల వెడల్పును, రాజమార్గాదులకు ఎనిమిది దండములను విధించి, చిన్న పశువులును మనుష్యులును పోవు బాటకు రెండు అరత్నులు చాలుననెను. రెండు అరత్నులనగా రెండు మూరలు. మనుష్యుని మేకలతోను, గొఱ్ఱెలతోను జతపరచినందుకు నొచ్చుకొనవలసిన పనిలేదు. అతని బాటకొక పేరును, ఒక కొలతయు నిచ్చినందుకు సంతోషింపవలెను.

ఈ దృష్టితో చూచినప్పుడు జీబ్రా చారల మహిమ తెలియును. మనువు పట్టికలో లేని వట్టి నడచువాడు, ఏ యర్హతయు చూపకుండ, తెల్లచారలపై అడుగు పెట్టినంతనే దారికి అర్హుడగుచున్నాడు. బ్రిటనులో చాలకాలము చారలపై అడుగు పెట్టినవానికే ఈ హక్కు. 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ ఒక మెట్టు ముందుకు పోయి, దాటుటకై ఒడ్డున నిలిచియున్నవానికి సైతము చోదకుడు దారి యీయవలెననెను. మన దేశమున 1989 నాటి రహదారి నియమములును, వాని స్థానమున వచ్చిన 2017 నాటి చోదననియమములును పాదచారుల దాటుచోట బండి జాగ్రత్తగా నెమ్మదింపవలెననియే చెప్పుచున్నవి. అయినను 2022లో మన దేశపు రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో సుమారు అయిదవవంతు నడచువారు. ఈ మరణములకు పేరులేమి యొక్కటియే కారణమని యెవ్వరును చెప్పరు. చారలు వెలసిపోవుట, అరుగులను దుకాణములు కప్పివేయుట, దండన లేకపోవుట అను కారణములెన్నో కలవు. కాని ఆ చారలను చూపి ఇది ఏమిటి అని యడిగినచో తెలుగువాడు ఏమనును?

కూడలికి తెలుగునాట పేర్లకు కొదవ లేదు. విశాఖపట్టణమున జంక్షన్, జగదాంబ జంక్షన్ వలె. బెజవాడ, గుంటూరు సీమలలో సెంటర్. బెజవాడలోనే బెంజ్ సర్కిల్ కూడ కలదు. రాయలసీమలో సర్కిల్, అనంతపురపు సప్తగిరి సర్కిల్ వలె. తెలంగాణమున చౌరస్తా, పంజాగుట్ట చౌరస్తా వలె. వక్త నోట ఈ నాలుగింటిలో ఏది వచ్చినదో విన్నచో అతని సీమను ఊహింపవచ్చును. ఇవికాక పుంత, డొంక, సందు, గొంది, బాట, త్రోవ మొదలైనవి పల్లెల సొత్తు. వీథిపోటు అను మాటను చూడుడు. ఒక వీథి వచ్చి మరియొక వీథిని తాకి ఆగిపోవుచోట ఎదురుగానున్న యింటికి గల దోషమది. ఆంగ్లేయుడు ఆకాశమునుండి పటము చూచినట్లు ఆ చోటును టి-జంక్షన్ అనెను. తెలుగువాడు ఆ యింటిగడపపై నిలిచి తనమీదికి వచ్చుచున్న వీథిని చూచి పోటు అనెను. శాస్త్రము మాట యెట్లున్నను, అనుభవమునుండి పుట్టిన పేరు గావున వినగానే తెలియును.

ఇంత పదసంపద గల భాషలో నడచువాడు వీథిని దాటు చోటునకు మాత్రము సొంతపేరు లేదు. దీనికి కారణము స్పష్టము. పల్లెవీథిని ఎక్కడనైనను దాటవచ్చును. ప్రత్యేకమైన చోటుతో పని లేదు. బండ్లవేగము వచ్చిన పిదపనే ఆ చోటు వచ్చినది. వచ్చునప్పుడు ఆంగ్లపు పేరుతోనే వచ్చినది. ఇట్టి లోటును పూరించుటకు పారిభాషికపదకర్తలు కూర్చుండినచో ఏమగునో ఊహించుట కష్టము కాదు. పాదచారిసంతరణస్థానము, పదాతితరణరేఖాపంక్తి వంటివి పుట్టును. వ్యాకరణదోషము వీనియందు కనబడదు, సమాసము సాధువే. కాని ఇరుప్రక్కలనుండి బస్సులు వచ్చుచుండగా ముసలమ్మను హెచ్చరించుటకు మనుమడు ఈ మాటను పూర్తిచేయులోపల బస్సు రానే వచ్చును. పైగా పదాతియనగా కాల్బలమని అర్థము. వీథిని దాటుట యుద్ధమే యని చెప్పదలచినచో మాత్రము తగియుండును. సంస్కృతమునకు ఇందువలన గౌరవము కలుగదు. వాడుకకు రాని ప్రతి సమాసమును సంస్కృతముపై ఒక నింద మోపుచునే యున్నది. ఆ నింద మోయవలసినవారు సంస్కృతోపాధ్యాయులే గావున, ఇట్టి కూర్పులను మొదట నిరాకరింపవలసినవారును వారే.

జీబ్రా క్రాసింగ్ అను మాటనే తెలుగులిపిలో వ్రాసి స్థిరపరచినను హాని లేదు. రైలు, బస్సు, రోడ్డు తెలుగైనట్లు అదియు తెలుగగును. దానిని వెలివేయుటకు చేయు యత్నములు వ్యర్థములు. అయితే జీబ్రాను ఎన్నడును చూడని బాటసారికి ఆ పేరులోని పోలిక అందదు. ఆంగ్లబాలునికి ప్రత్యక్షమైనది అతనికి వట్టి శబ్దము. అతని కొఱకు మరియొక పేరు పెట్టదలచినచో, ఆ పేరు తెలుగులో వెదకినచో దొరకకపోదు. ఏటిని దాటు చోటును తెలుగువారు రేవు అందురు. ఏరు పొడవునా నీరున్నను ఎక్కడపడిన అక్కడ దిగరు. లోతు తెలిసిన చోటును, ఒడ్డు వాలిన చోటును రేవుగా ఏర్పరచుకొందురు. ఆ చోటు ఊరందఱిది. పడవవాడైనను, చాకలియైనను, నీళ్లకు వచ్చిన స్త్రీయైనను అచ్చట దిగువారిని అడ్డగింపరు. వీథి దాటుచోటునకు కావలసిన లక్షణములన్నియు ఈ మాటలో ముందే యున్నవి: అపాయము గల ప్రవాహము, తెలిసిన చోటు, అందఱి హక్కు. చారలరేవు అనినచో మూడేండ్ల బిడ్డకును, ఎనుబదియేండ్ల ముసలమ్మకును చూపి చెప్పవచ్చును. సంస్కృతప్రియులకును ఇందు కొఱత లేదు. తీర్థశబ్దము దాటుట యను అర్థము గల తౄధాతువునుండి పుట్టినదే, దాని మొదటి యర్థము రేవే.

నీరు లేనిచోట రేవేమిటి యని కొందఱాక్షేపింపవచ్చును. వారు అమరకోశమును మరల చూడవలెను. నాలుగు త్రోవలు కలియు చోటునకు చతుష్పథముతోపాటు శృంగాటకమను పర్యాయము కలదు. శృంగాటకమనగా చెఱువులలో పెరుగు కొమ్ములకాయ, హిందీవారు సింఘాడా యనునది. ఆ కాయ కొమ్ములు నలువంకల చాచుకొని యుండుట చూచిన పూర్వులెవరో ఆ పేరును కూడలికి పెట్టిరనుట యుక్తము. ఆ కూడలిలోను నీరు లేదు. పేరు మాత్రము చెఱువునుండి నడచివచ్చినది.